‘ఇతరములు’లో ఏముంది?

(రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా అండి? వినపడుతోందా? సరే. వినపడకపోతే చెయ్యెత్తండి. నిద్రొస్తే మాత్రం ఎత్తక్కర్లేదు, హాయిగా పడుకోండి. రోజంతా పని చేసి వచ్చారు, నాకు తెలుసు.

నన్ను పరిచయం చేసిన సారు ‘ఆర్థిక విషయాల్లో అనుభవజ్ఞులు’ అన్నారు. అంత లేదండీ. నేను చేసేది జీతాల లెక్కలు. నలుగురికీ జీతం వేసేవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. అంతే. కాకపోతే ఆ సీట్లో కూర్చుంటే కొన్ని సంగతులు కనపడతాయి. జీతం చీటీలో ఒకవైపు రాబడి ఉంటుంది, ఒకవైపు కోతలుంటాయి. రాబడి ఎంత పెరిగినా మనుషులు వచ్చి అడ్వాన్సు అడగడం మాత్రం ఆగదు. చిన్న జీతం వాళ్లే అడుగుతారనుకుంటున్నారా? కాదండీ, పెద్ద జీతం వాళ్లూ అడుగుతారు. కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, అంతే తేడా.

నాకిచ్చిన విషయం డబ్బు, చుక్క (అదే, మందు), సంసారం, ప్రయాణం. నాలుగు టాపిక్కులు, ముప్పావు గంట టైము. మొదట కంగారు పడ్డాను. తర్వాత ఆలోచిస్తే నాలుగూ ఒకే కథ అనిపించింది. ఆ కథేమిటో ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లేవాళ్లకి నష్టం ఉండకూడదు కదా. మనం ఇంట్లో ఏ ఖర్చు మీద గొడవ పడతామో, డబ్బు దానిమీద పోవట్లేదు. డబ్బు దేనిమీద పోతోందో, దాని గురించి అసలు గొడవే పడట్లేదు.

పడాలంటారా? పడాలంటాను. కనీసం మాట్లాడుకోవాలి.

ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒకరు సలహా ఇస్తుంటారు. బయట కాఫీ తాగడం మానెయ్యండి, ఆ డబ్బు దాచండి, ఇరవై ఏళ్లలో కోటీశ్వరులవుతారు అని. విన్నారా మీరు? వినే ఉంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చాకిరీ చేసే మనిషికి ఓ కప్పు కాఫీ దగ్గర నిలబడే పది నిమిషాలే సొంతం. ఆ పది నిమిషాలు కూడా లాగేసుకుని కోటీశ్వరుణ్ణి చేస్తాడట! కాఫీ లెక్క తప్పని నేననను. లెక్క కరెక్టే. కానీ చూడాల్సింది అక్కడ కాదు.

ఎక్కడ చూడాలి? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను ఇంకోటి కలుపుతాను, అప్పు కాగితం చివరి పేజీ దాకా చదివి చూడు. లెక్క సులువుగా ఉండాలని, అప్పు ఒక లక్ష అనుకుందాం. ఏడాదికి నూటికి తొమ్మిది వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. నెల వాయిదా సుమారు 900 పడుతుంది. మొదటి నెల కట్టిన ఆ 900లో అసలు కింద ఎంత జమ అవుతుందో చెప్పండి? ఎవరైనా? సగం అంటున్నారు ఈ సారు. మూడో వంతు అంటున్నారమ్మ. 150 అండి. 150! మిగతా 750 వడ్డీకే పోయింది.

ఇంకోటి అడుగుతాను. ఇరవై ఏళ్ల అప్పు కదా, పదేళ్లు కట్టేశాక సగం తీరిపోయి ఉంటుందా? అందరం అలాగే అనుకుంటాం. ఉండదు. ఆ లక్ష యాభై వేలకి దిగడానికి 14 ఏళ్లు పడుతుంది. మిగిలిన సగం ఆఖరి ఆరేళ్లలో తీరుతుంది. మొత్తం కట్టేది రెండు లక్షల పదహారు వేల దాకా. ఇందులో మోసమేం లేదండీ, ఎవర్నీ తిట్టక్కర్లేదు. బాకీ ఎంతుంటే దానిమీద వడ్డీ, మొదట్లో బాకీ ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ. మామూలు కూడికలు, తీసివేతలే. అసలు కన్నా వడ్డీ ముద్దు అని మనం మనవల గురించి అంటాం. అప్పిచ్చినవాడు నిజంగానే అంటాడు.

మరి దీన్ని ఏం చెయ్యాలి? ఏడాదికి పన్నెండు వాయిదాలు కదా, ఏటా పదమూడోది ఒకటి కట్టగలిగితే, బోనస్సో ఇంకేదో వచ్చినప్పుడు, అదే అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. అదీ మొదటి ఏళ్ల నుంచీ కడితేనే అంత ప్రయోజనం. ఆఖర్లో కడితే పెద్దగా కలిసొచ్చేదేం ఉండదు, అప్పటికే వడ్డీ అంతా పిండేసుకున్నాడు. మీ అప్పు షరతుల్లో ముందస్తుగా కడితే జరిమానా ఉందేమో చూసుకోండి ముందు. నన్ను నమ్మి కట్టేసి రేపు నా మీదకి రాకండి.

ఇప్పుడు చెప్పండి. ఆ కాఫీ గురించి ఇంట్లో ఎన్నిసార్లు మాటలు పడ్డారు? ఈ 750 గురించి ఒక్కసారైనా ఎవరైనా మాట అన్నారా? అనరు. ఎందుకనరంటే అది కనపడదు. ఒకటో తారీఖున జీతం పడుతుంది, రెండో తారీఖున వాయిదా దానంతటదే వెళ్లిపోతుంది. జేబులోంచి తీసి ఇచ్చింది కాదు కాబట్టి నొప్పి ఉండదు. కాఫీకి జేబులో చెయ్యి పెట్టాలి.

క్రెడిట్ కార్డు సంగతి మీకు తెలిసిందే, దానిమీద ఎక్కువసేపు ఉండను. గీకేటప్పుడు ఏమీ తెలియదు. నెలకి నూటికి మూడు వడ్డీ అంటే చిన్నగానే వినపడుతుంది. 72ని మూడుతో భాగించండి. 24 వస్తుంది. అంటే ఏమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్లలో బాకీ రెట్టింపు. వడ్డీ మీద వడ్డీ పడేచోట ఈ 72 లెక్క ఉజ్జాయింపుగా పని చేస్తుంది, పిల్లలకి నేర్పండి, వాళ్లకి భలే సరదా. ‘కనీస మొత్తం చెల్లించండి’ అని బిల్లు మీద ఉంటుంది చూశారా? అది మీ మీద జాలితో రాసింది కాదు.

ఇప్పుడు ఇంకో చిత్రం చెబుతాను. రిచర్డ్ థేలర్ అని ఒక ఆర్థికవేత్త ఉన్నాడు, 2017లో నోబెల్ ఇచ్చారు. ఆయన చెప్పిందేంటంటే, మనిషి మనసులో డబ్బుకి వేర్వేరు డబ్బాలుంటాయి. ఇది స్కూలు ఫీజు డబ్బా, ఇది పండగ డబ్బా, ఇది అనుకోకుండా వచ్చింది కాబట్టి ఖర్చుపెట్టేసే డబ్బా. ఒక డబ్బాలో డబ్బు మూలుగుతూ ఉంటుంది, ఏడాదికి నూటికి నాలుగు వస్తుంటుంది దానికి. పక్క డబ్బాలో కార్డు బాకీ, నూటికి ముప్పై ఆరు పోతుంటుంది. అయినా ఇందులోంచి తీసి అందులో వెయ్యం! అది పిల్లల పేరున దాచింది కదా, ముట్టుకోకూడదు అంటాం. పిల్లల పేరు చెప్పి పిల్లలకే నష్టం. ఇది తెలివితక్కువతనం అని నేననను. ముట్టుకోకూడదు అన్న గీత ఉండబట్టే చాలా ఇళ్లల్లో ఆ మాత్రమైనా మిగిలింది. కానీ ఆ గీతకి మనం కడుతున్న ధర ఎంతో తెలుసుకుని కట్టాలి.

మా ఇంట్లో ఖర్చుల పుస్తకం మా అమ్మాయి రాస్తుంది. పెద్దది. దస్తూరి బాగుంటుందని మా ఆవిడ దానికి అప్పగించింది. నెలాఖరున అందరం బల్ల దగ్గర కూర్చుంటాం, నేను చెబుతుంటాను, అది రాస్తుంది. పాలు, కరెంటు, ఫీజు, పెట్రోలు... అన్నీ అయ్యాక ‘ఇతరములు’ అని ఒక అంకె చెబుతాను. ప్రతి ఇంటి పుస్తకంలోనూ ఉంటుంది ఆ ఖాతా, మీ ఇంట్లో లేదా? నవ్వుతున్నారంటే ఉంది. ఓ నెల అది పెన్ను ఆపి, “నాన్నా, ఇతరములు అంటే ఏంటి? ఇది కరెంటు కంటే ఎక్కువుంది” అంది. నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ పొయ్యి వైపు చూసింది. అక్కడ పొయ్యి మీద ఏమీ లేదండీ!

అందులో ఏముంటుంది? ఏముంటుందో మగవాళ్లందరికీ తెలుసు. మా ఆఫీసులో ఎవరిదో ప్రమోషన్, ఎవరిదో బదిలీ, శుక్రవారం. శుక్రవారానికి వేరే కారణం అక్కర్లేదు కదా. సీసా, సోడా, నంజుకోడానికి. ఇక్కడ ఆడవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఇతరములు వాళ్లకుంటాయి, నేను వాటి జోలికి పోను, ఇంటికెళ్లాలి నేను.

మందు మానండి అని చెప్పడానికి రాలేదు. నేనూ అప్పుడప్పుడూ పుచ్చుకునేవాణ్ణే. కానీ జీతాలు వేసేవాడిగా ఒక్క లెక్క చెబుతాను, ఎందుకంటే దాని ధర సీసా మీద రాసి ఉండదు. ఒక చిన్న పెగ్గు, ముప్పై మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ సుమారు పది గ్రాములు. దాన్ని వదిలించుకోడానికి కాలేయానికి దాదాపు గంట పడుతుంది. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. పెద్ద పెగ్గు అంటే రెండు గంటలు. రాత్రి పదకొండింటికి గ్లాసు కింద పెట్టేటప్పటికి ఒంట్లో ఆరు చిన్న పెగ్గుల సరుకు మిగిలుంటే, అది ఖాళీ అయ్యేసరికి తెల్లవారి ఐదు. బ్లాక్ కాఫీ తాగితే త్వరగా దిగుతుందా? దిగదు. చన్నీళ్ల స్నానం? దిగదు. కాఫీతో మెలకువ వస్తుందేమో గాని, కాలేయానికి దాంతో పని లేదు. ఆ కాఫీయైనా సాయంత్రం ఐదింటికి తాగితే రాత్రి పదింటికి అందులో కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది, చాలామందికి. ఒకటి లేపుతుంది, ఒకటి పడుకోబెడుతుంది, రెండిటి మధ్యా మనం నలుగుతాం.

మందేస్తే నిద్ర బాగా పడుతుందండీ అంటారు. పడుతుంది, నిజమే. తొందరగా పడుతుంది. రాత్రి రెండో సగంలో చూడండి ఆ నిద్ర. మెలకువలు, దాహం, చెమట. కలల నిద్ర తగ్గిపోతుంది. పొద్దున పిల్లాడు షూ లేసు కట్టమని కాలు చాపితే, “నీకెన్నిసార్లు చెప్పాలిరా” అని కసురుతాం. వాడు ఏం చేశాడండీ? వాడు కాలు చాపాడు. ఆ కసురు ఏ ఖాతాలో రాయాలి? ఇతరముల్లో రాయలేం.

ఇక ఆరోగ్యం సంగతి. క్యాన్సర్ మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో పెట్టింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంత తాగితే ఫర్వాలేదు అనే సురక్షితమైన మోతాదు అంటూ లేదని తేల్చి చెప్పింది. రోజుకో గ్లాసు గుండెకి మంచిది అని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు కదా అంటారు. అన్నారు. ఇప్పుడు అనట్లేదు. తగ్గించేకొద్దీ ముప్పు తగ్గుతుంది, అంతవరకే నేను చెప్పగలను. రోజూ గట్టిగా తాగే అలవాటున్నవాళ్లు మాత్రం ఈ ప్రసంగం విని రేపు పొద్దున ఒక్కసారిగా ఆపెయ్యకండి. వణుకు, ఫిట్స్ దాకా రావచ్చు. డాక్టరుకి చెప్పి ఆపండి. ఇది జోకు కాదు.

సరే, చుక్క నుంచి ప్రయాణానికి వెళ్దాం. వీటికి చుట్టరికం ఉందని మీకు తెలుసా? నాకు ఇష్టమైన కథ ఇది, కాస్త నిదానంగా చెబుతాను.

థామస్ కుక్ పేరు వినే ఉంటారు, టూర్ల కంపెనీ. ఆ కుక్ అనే ఆయన ఇంగ్లండులో వడ్రంగి పని చేసుకునే మనిషి, 1808లో పుట్టాడు. మద్యానికి గట్టి వ్యతిరేకి. పనివాళ్లు వారమంతా కష్టపడి, వచ్చిన కూలి సారాయి కొట్లో పోస్తున్నారు, వీళ్లకి ఇంకో సరదా చూపించకపోతే ఎలా మానతారు అని ఆయన బాధ. 1841 జులై 5న ఒక రైలు మాట్లాడి, లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి దాదాపు 500 మందిని తీసుకెళ్లాడు, మద్యపాన వ్యతిరేక సభకి. తలకి ఒక షిల్లింగు, రానూ పోనూ. ఎంత దూరం? ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ టిక్కెట్టు నుంచి అన్నీ ఒకడే చూసుకుని జనాన్ని టూరు తీసుకెళ్లే వ్యాపారానికి అక్కడే ఊపొచ్చింది. అంటే ఏంటి? సామాన్యుడి విహారయాత్ర సారాయి కొట్టుకి పోటీగా పుట్టిందండీ! ఆ షిల్లింగు ‘ఇతరములు’ లోంచి లాక్కొచ్చిన షిల్లింగు. ఇవాళ విదేశాలకెళ్లే చాలా విమానాల్లో మందు బండి కూడా తెస్తారు. ఆయన చూస్తే ఏమంటాడో.

ఈ కథకి రెండో సగం ఉంది. 178 ఏళ్ల తర్వాత, 2019 సెప్టెంబరులో, బ్రిటన్‌లోని ఆ కంపెనీ మూతపడింది. అప్పుల బరువు. దాదాపు లక్షన్నర మంది బ్రిటిష్ ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోతే ప్రభుత్వం విమానాలు పెట్టి వెనక్కి తెచ్చుకుంది. ప్రయాణాలు అమ్ముకునే కంపెనీ ప్రయాణాల వల్ల మునగలేదు. దాని దెబ్బలు దానికి చాలానే ఉన్నాయి, కానీ ఏళ్ల తరబడి మోస్తున్న బాకీ, దాని వడ్డీ లేకపోతే ఆ దెబ్బలకి తట్టుకునేదేమో. మళ్లీ అక్కడికే వచ్చాం చూడండి.

ఇళ్లల్లో ప్రయాణం మాట ఎత్తగానే ఏమవుతుంది? పెద్ద గొడవ. అంత డబ్బా? ఇప్పుడా? ఎందుకు? ఎందుకంటే అది ఒకేసారి కనపడే ఖర్చు. టిక్కెట్టు, గది, తిండి, అన్నీ ఒక కాగితం మీదకి వస్తాయి. అదే ఏడాది పొడుగునా ఇతరముల్లో పోయింది కూడితే అంతకి రెండింతలుండొచ్చు, దాన్నెవరూ కూడరు. అప్పు చేసి తిరగమని నేననను, వాయిదాల మీద విహారం అసలొద్దు. తిరిగొచ్చి ఫోటోలు మర్చిపోయాక కూడా వాయిదాలు కట్టడం కంటే దరిద్రం లేదు.

2010లో నెదర్లాండ్స్ వాళ్లు ఒక అధ్యయనం అచ్చు వేశారు. 1,530 మంది పెద్దవాళ్లని అడిగారు, ప్రయాణానికి ముందెలా ఉన్నారు, తర్వాతెలా ఉన్నారు అని. వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కంటే సంతోషంగా ఉన్నారు. ఎప్పుడు? బయల్దేరక ముందు! తిరిగొచ్చాక ఇద్దరికీ పెద్ద తేడా లేదు, నిజంగా తీరిగ్గా గడిపి వచ్చినవాళ్లకి తప్ప. అంటే అసలు సుఖం ఎదురుచూడటంలో ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. మరి మనం ఏం చేస్తాం? పిల్లలకి చెప్పకుండా ఆఖరి రోజు సర్‌ప్రైజ్ అంటాం. ఫ్రీగా దొరికేదాన్ని పారేసుకుంటాం!

మా ఇంట్లో ప్రయాణం అనుకోగానే పిల్లలకి చెప్పేస్తాం, ఎంత దాచాలో కూడా చెబుతాం. మా అబ్బాయి చిన్నవాడు, క్యాలెండరు కాగితం వెనక లిస్టు రాశాడు. మొదటిది, వెళ్లేటప్పుడు కిటికీ సీటు నాది. రెండోది, వచ్చేటప్పుడు కూడా నాది. మూడోది, అక్క అడిగితే పై రెండూ చూడవలెను. లాయరవుతాడు వాడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి దాని మీద యుద్ధాలు చేసుకున్నారు ఇద్దరూ. మేమింకా టిక్కెట్టే కొనలేదప్పటికి.

కిటికీ సీటు అంటే గుర్తొచ్చింది. బండిలో వాంతులయ్యే పిల్లలున్నవాళ్లకి ఒక మాట. కళ్లేమో కదలడం లేదంటాయి, చెవి లోపలి భాగం కదులుతున్నాం అంటుంది, ఆ తగువు కడుపు మీద పడుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఎక్కువ. చేతిలో ఫోను పెడితే ఇంకా ఎక్కువ. దూరంగా కదలనిదాన్ని చూడమనండి, కాస్త గాలి తగలనివ్వండి. ఫోను ఇచ్చి నోరు మూయించాం అనుకుంటాం, అది ఇంకోలా తెరుచుకుంటుంది.

సరే, పిల్లల ముందు డబ్బు మాటలేంటి అని ఇందాక ఒకరు అడిగారు. ఇదే మాట మా ఆవిడా అంది. పసివాళ్లకి భయం పెట్టకండి, రాత్రి నిద్ర పట్టదు వాళ్లకి అంది. ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. నేను తేడా ఎక్కడ చూశానంటే, ‘మనకి ఇంత అప్పుంది’ అని చెబితే అది భయం. ‘ఇది నెలనెలా ఇలా తీరుతోంది, ఈ ఏడాది ఇంత దిగింది’ అని చెబితే అది లెక్క. పిల్లలకి లెక్క చెప్పండి. మా అమ్మాయి ఇప్పుడు ఆ అసలు ఎంత దిగిందో ఎర్ర పెన్నుతో రాస్తోంది. ఇతరములు అనే ఖాతా కొట్టేసింది. దాని బదులు నాలుగు వరసలు గీసింది, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు. నా పేరు మీద ఏం రాయించాలో ప్రతి నెలాఖరూ ఆలోచించాల్సి వస్తోంది. మా ఆవిడ వరస మటుకు ఇంకా ఖాళీగానే ఉందండీ, అందులో ఏం రాయించుకోవాలో ఆమెకి తట్టడం లేదట. అది నన్ను ఈమధ్య ఎక్కువగా ఆలోచింపజేస్తోంది.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. అప్పు లెక్క వేసుకోవాలనుకునేవాళ్లు మీ వాయిదా, వడ్డీ రేటు, మిగిలిన బాకీ రాసుకుని రండి. నేను ఇంకో అరగంట ఇక్కడే బయట వరండాలో ఉంటాను.